ఎడ్విన్ జాన్ బట్లర్

సర్ ఎడ్విన్ జాన్ బట్లర్ (ఆగష్టు 13, 1874 - ఏప్రిల్ 4, 1943) ఐర్లండు దేశానికి చెందిన శిలీంధ్ర శాస్త్రవేత్త మరియు సస్యవ్యాధి శాస్త్రవేత్త. భారతదేశంలో పంట మొక్కలకు తెగుళ్ళు కలిగించే శిలీంధ్రాలను క్రమపద్ధతిలో సేకరించి, పరిశీలించి, పేర్లు పెట్టి, వర్గీకరించిన మొదటి తరం శాస్త్రవేత్తలలో ఈయన ముఖ్యుడు. భారత ప్రభుత్వం నియమించిన మొట్టమొదటి ఇంపీరియల్ మైకాలజిస్టు ఈయనే. ఈయనను భారతదేశంలో శిలీంధ్ర శాస్త్రానికీ, సస్యవ్యాధి శాస్త్రానికీ పితామహునిగా పేర్కొంటారు. గోదావరి డెల్టాలోని తాటిచెట్లను చంపిన మొవ్వుకుళ్ళు తెగులు, చెరకును నాశనం చేసే ఎర్రకుళ్ళు మరియు వడలు తెగుళ్ళు, కంది ఎండుతెగులు, పసుపు ఆకుమచ్చ తెగులు ఈయన పరిశోధించినవాటిలో కొన్ని. తెలుగు రైతుల పొలాలలో నేటికీ కనిపించే అనేక తెగుళ్ళ శాస్త్రీయ నామాల చివర ఈయన పేరు ఉంటుంది.

బాల్యం, విద్యాభ్యాసం

బట్లర్ ఐర్లండు పశ్చిమ తీరాన క్లేర్ కౌంటీలోని కిల్కీ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి థామస్ బట్లర్ మేజిస్ట్రేటుగా పనిచేసేవాడు. కార్క్ నగరంలోని క్వీన్స్ కళాశాలలో వైద్యవిద్య అభ్యసించి 1898లో పట్టా పొందాడు. అయితే వైద్యునిగా స్థిరపడలేదు. అదే కళాశాలలో ప్రకృతిశాస్త్ర ఆచార్యుడైన మార్కస్ హార్టోగ్ నీటిలో పెరిగే శిలీంధ్రాలపై పరిశోధన చేస్తుండేవాడు. ఆయన ప్రభావంతో బట్లర్ దృష్టి రోగుల నుండి శిలీంధ్రాల వైపు మళ్ళింది. తరువాత పారిస్, జర్మనీలోని ఫ్రైబుర్గ్, ఇంగ్లాండులోని క్యూ ఉద్యానవనాలలో ఈ విషయాన్ని మరింత లోతుగా అధ్యయనం చేశాడు.

నీటి శిలీంధ్రాలలో తంతువు ఎలా చీలుతుంది, సిద్ధబీజాశయం ఏ ఆకారంలో ఉంటుంది, అందులో నుండి ఈదే సిద్ధబీజాలు ఏ విధంగా బయటపడతాయి అన్నవి సూక్ష్మదర్శిని క్రింద గంటల తరబడి ఓపికగా చూస్తేనే తెలుస్తాయి. ఈ అలవాటు బట్లరుకు యౌవనంలోనే పట్టుబడింది. తరువాత గోదావరి జిల్లా తాటిచెట్ల విషయంలో ఆయనకు పనికివచ్చినది ఇదే.

భారతదేశానికి రాక

1901లో బట్లర్ భారత ప్రభుత్వ క్రిప్టోగామిక్ వృక్షశాస్త్రవేత్తగా కలకత్తాకు వచ్చాడు. పుష్పించని మొక్కలను, ఆనాటి లెక్కలో శిలీంధ్రాలను కూడా, అధ్యయనం చేసే ఉద్యోగమిది. అంతకు ముందు భారతదేశపు శిలీంధ్రాలను సైనిక వైద్యులు, అటవీ అధికారులు తీరిక వేళలలో సేకరించి ఐరోపాకు పంపేవారు. అక్కడి పండితులు ఎండిన నమూనాలను చూసి పేర్లు పెట్టేవారు. పొలంలో ఆ శిలీంధ్రం ఏమి చేస్తున్నదో, ఏ కాలంలో వ్యాపిస్తున్నదో ఆ పేర్లు పెట్టినవారికి తెలిసే అవకాశం లేదు. ఈ పనికే పూర్తికాలపు శాస్త్రవేత్తను నియమించడం ఒక మలుపు.

1902లో బట్లర్ డెహ్రాడూనుకు మారాడు. లార్డ్ కర్జన్ కాలంలో, అమెరికా దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళంతో, బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధనా సంస్థ నెలకొన్నది. 1905లో బట్లర్ అక్కడ ఇంపీరియల్ మైకాలజిస్టు పదవి చేపట్టి 1920 వరకు కొనసాగాడు. తన నమూనాలతో అక్కడ ఒక శిలీంధ్ర హెర్బేరియాన్ని నెలకొల్పాడు. 1934 బీహారు భూకంపంలో పూసా భవనాలు దెబ్బతినడంతో సంస్థను 1936లో ఢిల్లీకి తరలించారు. హెర్బేరియం కూడా ఢిల్లీకి చేరింది. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థకు చెందిన ఈ సేకరణ దేశంలోని శిలీంధ్ర నమూనాల సేకరణలలో ముఖ్యమైనది.

పూసాలో ఈయన వద్ద జె.ఎఫ్.దస్తూర్, ఎల్.ఎస్.సుబ్రమణ్యం, అబ్దుల్ హఫీజ్ ఖాన్ మొదలైన భారతీయ సహాయకులు శిక్షణ పొందారు. వీరు సహాయకులుగానే ఉండిపోలేదు. దస్తూర్ 1913లో ఆముదపు మొక్కపై ఫైటోఫ్తొరా పారాసైటికా అనే కొత్త జాతిని వర్ణించాడు. సుబ్రమణ్యం 1919లో తాను వర్ణించిన ఒక జాతికి పిథియం బట్లరి అని గురువు పేరు పెట్టాడు. హఫీజ్ ఖాన్ 1913లో చెరకు తెగుళ్ళపై వెలువడిన పరిశోధనలో బట్లరుతో పాటు రచయిత.

చెరకు ఎర్రకుళ్ళు

పందొమ్మిదవ శతాబ్దం ముగిసే నాటికి గోదావరి డెల్టాలో చెరకు సాగు పెద్ద ఆపదలో పడింది. బాగా ఎదిగిన తోటలు కోతకు ముందే ఎండిపోసాగాయి. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త సి.ఎ.బార్బర్ గోదావరి, గంజాం జిల్లాలలో పర్యటించి 1901లో నివేదిక ప్రచురించాడు. తెగులును తట్టుకొనే రకాలను వెదకడానికి 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రం ఏర్పడింది. అక్కడ ఎంపికైన ఎర్ర మారిషస్ రకం డెల్టాలో చెరకును నిలబెట్టింది. బార్బర్ తరువాత 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రానికి ఆద్యుడయ్యాడు.

బట్లర్ ఇదే తెగులును బెంగాలు ప్రాంతంలో పరిశీలించి 1906లో విపులమైన వ్యాసం ప్రచురించాడు. ఎర్రకుళ్ళు అనే అర్థమిచ్చే ఆంగ్ల నామం స్థిరపడినది ఆ వ్యాసంతోనే. తెగులు సోకిన గడను నిలువుగా చీల్చి చూస్తే లోపలి కండ ఎర్రబారి ఉంటుంది. ఆ ఎరుపులో అడ్డంగా తెల్లని మచ్చలు కనిపిస్తాయి. పులిసిన సారాయి వంటి వాసన వస్తుంది. శిలీంధ్రం గడలోని చక్కెరను విచ్ఛిన్నం చేస్తుంది కనుక అటువంటి రసంతో బెల్లం గట్టిపడదు, మిల్లులో చక్కెర సరిగా స్ఫటికం కట్టదు. రైతుకు తూకంలోనూ, మిల్లుకు దిగుబడిలోనూ నష్టమే.

తెగులు పైనుండి వచ్చిపడేది కాదనీ, తెగులు సోకిన ముచ్చెలను నాటడమే దాని వ్యాప్తికి ప్రధాన కారణమనీ బట్లర్ నిర్ధారించాడు. ఆరోగ్యంగా ఉన్న తోట నుండి విత్తనపు ముచ్చెలు తీసుకోవాలి, కోసినచోట ఎరుపు కనిపించిన ముచ్చెను పారవేయాలి అని నేటికీ వ్యవసాయ అధికారులు చెప్పే సలహాకు మూలం ఇక్కడే ఉంది.

ఈ శిలీంధ్రాన్ని 1893లో జావా ద్వీపంలో వెంట్ అనే డచ్చి శాస్త్రవేత్త వర్ణించి కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్ అని పేరు పెట్టాడు. ఫాల్కేటమ్ అంటే కొడవలి వంటిది అని అర్థం. దీని సిద్ధబీజాలు కొడవలిలాగా వంగి ఉంటాయి. వాటి మధ్య నల్లని ముళ్ళవంటి రోమాలు నిలబడి ఉంటాయి. ఆనాటికి వర్గీకరణకు ఆధారాలు ఇటువంటి భౌతిక లక్షణాలే.

వడలు తెగులును వేరుచేయడం

చెరకు గడలో ఎరుపు కనిపించిన ప్రతిచోటా ఎర్రకుళ్ళు అనుకోవడం ఆ రోజులలో పరిపాటి. బట్లర్, హఫీజ్ ఖాన్ 1913లో ఈ పొరపాటును సరిదిద్దారు. కొన్ని తోటలలో గడ లోపల మురికి ఎరుపు రంగు ఉన్నా అడ్డపు తెల్లమచ్చలు లేవు. కండ ఎండి పడవ ఆకారంలో బోలుగా మారుతున్నది. వాటి నుండి వేరుపరచిన శిలీంధ్రం కొడవలి సిద్ధబీజాలు ఇవ్వలేదు. దీనికి సెఫలోస్పోరియం సాకరి అని పేరు పెట్టారు. తెలుగులో దీనిని వడలు తెగులు అంటారు. రెండు తెగుళ్ళు ఒకే తోటలో, ఒక్కొక్కప్పుడు ఒకే గడలో కూడా ఉండవచ్చు. కనుక వేరుచేయడం సులువు కాదు. ఒక తెగులును తట్టుకొనే రకం రెండవదానికి లొంగిపోవచ్చు. కాబట్టి ఇది కేవలం పేర్ల తగవు కాదు, ఏ రకం నాటాలన్న ప్రశ్న.

1971లో గామ్స్ ఈ జాతిని ఫ్యుజేరియం ప్రజాతిలోకి మార్చాడు. నేడు దీని పేరు ఫ్యుజేరియం సాకరి. జన్యుక్రమాల పోలికలో ఇది ఫ్యుజేరియం ఫుజికురోయ్ సముదాయంలోని ఆసియా శాఖకు చెందినదని తేలింది. ప్రజాతి మారినా, బట్లర్ దీనిని ఎర్రకుళ్ళు నుండి వేరుచేసిన నిర్ణయం మాత్రం చెక్కుచెదరలేదు.

గోదావరి తాటిచెట్లు

బట్లర్ పరిశోధనలలో తెలుగునాటికి అత్యంత సన్నిహితమైనది తాటిచెట్ల మొవ్వుకుళ్ళు తెగులు. గోదావరి డెల్టాలోని లంకలలోనూ, చుట్టుప్రక్కల తాలూకాలలోనూ ఈ తెగులు 1890ల నుండి వ్యాపించింది. తాటితో పాటు కొబ్బరి, పోక చెట్లకు కూడా సోకేది. తాటిచెట్టు ఆ ప్రాంతపు పేదవారికి ఇంటికప్పు, దూలం, ముంజలు, కల్లు, బెల్లం, విసనకర్ర, చాప. ఇది పంట లెక్కలలో చేరని ఆస్తి. అందువలన నష్టం ఎంతో అంకెలలో చెప్పడం కష్టమైనా, ఊళ్ళకు ఊళ్ళలో తలలు రాలిన మోడులు నిలబడి ఉండడం ప్రభుత్వాన్ని కూడా కదిలించింది.

తాటి జాతి చెట్లకు పెరుగుదల అంతా ఒకే మొవ్వులో ఉంటుంది. మామిడికో వేపకో ఒక కొమ్మ పోతే ఇంకొకటి వస్తుంది. తాటికి మొవ్వు పోతే చెట్టు పోయినట్లే. బట్లర్ డెల్టాలో పర్యటించి చెట్ల తలలను ఒక్కొక్క మట్టగా విప్పి పరిశీలించాడు. పైమట్టల మీద మొదలైన గుంట మచ్చ ఒక పొర నుండి లోపలి పొరకు సాగుతూ చివరకు మెత్తని మొవ్వును చేరుతున్నదని గమనించాడు. మొవ్వు చేరేసరికి బాక్టీరియా కూడా తోడై దుర్వాసన కలిగిన కుళ్ళు ఏర్పడుతుంది. అప్పుడు చూసినవారికి అసలు కారణం కనిపించదు. తొలి మచ్చల అంచులలోనే శిలీంధ్ర తంతువులను పట్టుకొనడం బట్లర్ నేర్పు.

1907లో ప్రచురించిన పిథియం ప్రజాతి గ్రంథంలో ఈ శిలీంధ్రానికి పిథియం పామివోరమ్ అని పేరు పెట్టాడు. తాటిని తినేది అని ఈ పేరుకు అర్థం. 1910లో భారతదేశపు తాటి జాతుల మొవ్వుకుళ్ళుపై సమగ్ర వ్యాసం వ్రాశాడు. తెగులు సోకిన చెట్ల తలలను నరికి తగులబెట్టడం ప్రధాన నివారణ చర్య. మద్రాసు ప్రభుత్వ మైకాలజిస్టు విలియం మెక్రే ఈ తెగులుపై పనిని కొనసాగించాడు. మెక్రే తరువాతి కాలంలో పూసాలో బట్లర్ పదవిని కూడా నిర్వహించాడు.

తన పేరును తానే మార్చడం

పిథియం, ఫైటోఫ్తొరా అనే రెండు ప్రజాతులు చాలా దగ్గరివి. రెండింటిలోనూ ఈదే సిద్ధబీజాలు ఉంటాయి. పిథియంలో సిద్ధబీజాశయంలోని జీవపదార్థం ముందు ఒక పలుచని బుడగలోకి ప్రవహిస్తుంది, ఆ బుడగలో సిద్ధబీజాలుగా విడిపోతుంది. ఫైటోఫ్తొరాలో సిద్ధబీజాలు ఆశయం లోపలే తయారై బయటికి వస్తాయి. చూడడానికి ఇది కొద్ది నిమిషాలలో ముగిసే సంఘటన. కాని ప్రజాతి ఏదో తేల్చడానికి అప్పట్లో ఇదే ముఖ్యమైన కొలబద్ద.

1919లో బట్లర్ ఈ జాతిని స్వయంగా ఫైటోఫ్తొరాకు మార్చాడు. శాస్త్రీయ నామాలలో మొదట పేరు పెట్టినవారిని కుండలీకరణంలో, మార్చినవారిని దాని తరువాత వ్రాస్తారు. అందువలన ఫైటోఫ్తొరా పామివోరా అనే పేరు తరువాత బట్లర్ పేరు రెండుసార్లు వస్తుంది. పేరు ప్రఖ్యాతులు స్థిరపడిన తరువాత సొంత నిర్ణయాన్ని మార్చుకొనే శాస్త్రవేత్తలు ఎక్కువమంది ఉండరు.

గోదావరి తాటిచెట్లపై గుర్తించిన ఈ జీవి తరువాత ప్రపంచమంతటా ప్రసిద్ధికెక్కింది. కోకో కాయలను నల్లబరచి కుళ్ళించే తెగులు, రబ్బరు, బొప్పాయి, దురియన్ తోటల తెగుళ్ళు అనేకం దీనివలననే కలుగుతాయి.

కంది ఎండుతెగులు

1906 ప్రాంతంలో నమోదైన కంది ఎండుతెగులుపై బట్లర్ 1910లో వెలువరించిన వ్యాసం సస్యవ్యాధి శాస్త్రంలో ఆదర్శప్రాయమైనదిగా చెప్పవచ్చు. పత్తి, పుచ్చ, అలసంద మొక్కల ఎండుతెగులుకు నియోకాస్మోస్పోరా అనే శిలీంధ్రం కారణమని అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ 1899లో ప్రతిపాదించాడు. చచ్చిన కంది వేర్లమీద కూడా దాని ఎర్రని ఫలనాంగాలు దొరికేవి. దానితో కందికీ అదే కారణమని అనుకోవడం సహజం.

బట్లర్ రెండు శిలీంధ్రాలను విడివిడిగా పెంచి ఆరోగ్యవంతమైన మొక్కలపై ప్రయోగించాడు. నియోకాస్మోస్పోరా ఏ మొక్కనూ ఎండబెట్టలేదు. వేరొక ఫ్యుజేరియం ఎండబెట్టింది. మొదటిది చచ్చిన వేర్లపై బ్రతికే జీవి మాత్రమేనని, రెండవది అసలు దోషి అని తేలింది. దానికి ఫ్యుజేరియం ఉడమ్ అని పేరు పెట్టాడు. జన్యుక్రమాల కాలంలో కూడా ఇది ప్రత్యేక జాతిగానే నిలిచింది. ఇది కూడా ఫ్యుజేరియం ఫుజికురోయ్ సముదాయానికే చెందుతుంది.

తెలంగాణలో కంది ప్రధానమైన మెట్టపంట. 1972లో పటాన్‌చెరువులో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ కంది ఎండుతెగులుపై విస్తృతంగా పనిచేసింది. అక్కడి నుండి వచ్చిన మారుతి (1986), ఆశ (1993) రకాలు ఈ తెగులును తట్టుకొంటాయి.

నిజామాబాదు, బోధన్ ప్రాంతంతో సంబంధం

బట్లర్ కాలంలో నిజామాబాదు జిల్లా హైదరాబాదు సంస్థానంలో ఉండేది. బ్రిటిషు ప్రభుత్వ వ్యవసాయ శాఖకు అక్కడ ప్రత్యక్ష అధికారం లేదు. మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన కర్మాగారమిది. ఇవన్నీ బట్లర్ దేశం విడిచిన తరువాతి సంగతులు. అయితే కాలువ నీటి క్రింద ఒకే పంటను వేల ఎకరాలలో వేసినచోట, కార్శి తోటలు ఉంచినచోట, ఒక తోట నుండి ఇంకొక తోటకు ముచ్చెలు బండ్లకెత్తిన చోట ఎర్రకుళ్ళు ఏ విధంగా నడుస్తుందో 1906 నాటి వ్యాసంలో ఉన్నదే ఇక్కడి రైతుకూ వర్తించింది. కోస్తా జిల్లాల నుండి నిజాంసాగర్ ఆయకట్టుకు వలసవచ్చిన రైతులలో చాలామందికి చెరకు సాగు క్రొత్త కాదు. రుద్రూరులోని పరిశోధనా స్థానం చెరకు, వరి పంటలపై పనిచేస్తుంది. కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. దానితో బోధన్ చుట్టూ చెరకు బాగా తగ్గి వరి పెరిగింది.

జిల్లాలోని రెండవ పంట పసుపు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలు పసుపుకు ప్రసిద్ధి. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం ఉంది. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం నిజామాబాదులో ప్రారంభమయింది. ఈ పంటతో బట్లర్ పేరు రెండు విధాలుగా ముడిపడి ఉంది. పసుపు ఆకులపై చిన్నచిన్న మచ్చలు గుంపులుగా ఏర్పడి ఆకు మురికి పసుపు రంగుకు మారే ఆకుమచ్చ తెగులుకు కారణమైన టాఫ్రినా మాక్యులాన్స్‌ను 1911లో మొదట వర్ణించినది ఈయనే. టాఫ్రినా ప్రజాతి శిలీంధ్రాలు ఫలనాంగం నిర్మించవు. సిద్ధబీజ సంచులు ఆకు ఉపరితలంపై నేరుగా బయటపడతాయి. ఇవి కొన్ని రకాల ఈస్టులకు దగ్గరి బంధువులని తరువాతి జన్యు పరిశోధనలలో తెలిసింది.

రెండవది తాటాకు మచ్చ తెగులు. పెద్ద మచ్చలు, వాటి మధ్య బూడిద రంగు, చుట్టూ పసుపుపచ్చని వలయం దీని గుర్తులు. దీనికి కారణంగా వ్యవసాయ పుస్తకాలలో చెప్పే కొల్లెటోట్రైకమ్ కాప్సిసి అనే పేరు బట్లర్, బిస్బీ 1931లో ఏర్పరచినది. మిరపలో కొమ్మ ఎండు, కాయకుళ్ళు తెగులు కూడా దీని పేరనే చెబుతారు. సిడో 1913లో దీనిని వేరొక ప్రజాతిలో ఉంచగా, సిద్ధబీజాల ఆకారం ఆధారంగా వారు కొల్లెటోట్రైకమ్‌కు మార్చారు.

జన్యు ఆధారాలు వచ్చిన తరువాత

బట్లర్ తరానికి ఉన్న ఆధారాలు మూడే: రూపం, ఆతిథేయి మొక్క, కృత్రిమంగా తెగులు సోకించే ప్రయోగం. వీటితో ఎక్కడ దారి తప్పే ప్రమాదం ఉందో కొల్లెటోట్రైకమ్ చరిత్ర చెబుతుంది. ఒక్కొక్క మొక్కపై కనిపించినదానికి ఒక్కొక్క పేరు పెట్టగా దాదాపు 750 జాతులు తయారయ్యాయి. 1957లో వాన్ ఆర్క్స్ రూపాన్నే ప్రధానంగా తీసుకొని వాటిని 11కు కుదించాడు. మొదటి పద్ధతిలో ఒకే జీవికి అనేక పేర్లు వచ్చాయి, రెండవ పద్ధతిలో అనేక జీవులు ఒకే పేరు క్రింద చేరాయి. 1990 తరువాత రైబోసోము జన్యువుల మధ్యనుండే భాగాలు, ఆక్టిన్, ట్యుబులిన్ వంటి జన్యువుల క్రమాలు పోల్చడం మొదలయ్యాక రూపం, జన్యువులు కలిపి చూసే పద్ధతి స్థిరపడింది.

ఈ పద్ధతితో 2009లో వంగిన సిద్ధబీజాలు గల జాతులను తిరిగి పరిశీలించినప్పుడు కాప్సిసి అనే పేరు కొల్లెటోట్రైకమ్ ట్రంకేటమ్ అనే పాత జాతికి పర్యాయనామంగా మారింది. చెరకు ఎర్రకుళ్ళు శిలీంధ్రం మాత్రం గడ్డిజాతి మొక్కలపై పెరిగే బంధువుల మధ్య ప్రత్యేక జాతిగా నిలబడింది. దానికి ఆధార నమూనా లోపించడంతో 2010లో కొత్త నమూనాను నిర్ణయించారు. దీని లైంగిక దశను లూసియానాలో కార్వజాల్, ఎడ్జర్టన్ 1944లో గుర్తించారు. ఆ దశకు 1954లో గ్లోమెరెల్లా టుకుమానెన్సిస్ అనే వేరు పేరు వచ్చింది. ఒకే శిలీంధ్రానికి రెండు పేర్లు ఉండే ఏర్పాటును 2011లో మెల్బోర్న్ వృక్షశాస్త్ర మహాసభ రద్దు చేసింది.

పేరు స్థిరపడినా చెరకు రైతుకు చిక్కు తీరదు. ఒకే జాతిలో లేతరంగు, ముదురురంగు రూపాలు ఉన్నాయనీ, లేతరంగువి ఎక్కువ ఉధృతమైనవనీ 1930ల నుండి గమనించారు. ఉత్తర భారతదేశంలో విస్తారంగా సాగైన కో 213 రకం ఆ దశాబ్దపు చివరలో ఈ తెగులుకు కూలిపోయింది. నేడు కొన్ని ఎంపిక చేసిన చెరకు రకాలపై ప్రతిచర్యను బట్టి ఈ శిలీంధ్రాన్ని వ్యాధిజనక తరగతులుగా విభజిస్తున్నారు. సూక్ష్మదర్శినిలో ఒకటిగా కనిపించేవి గడలో వేరువేరుగా ప్రవర్తిస్తాయి.

అన్నిటికంటే పెద్ద మార్పు బట్లరుకు అతి ఇష్టమైన పిథియం, ఫైటోఫ్తొరాల విషయంలో వచ్చింది. ఆయన కాలంలో వీటిని శైవల శిలీంధ్రాలు అనేవారు. వీటి కణకవచంలో సెల్యులోజు ఉండడం, ఈదే సిద్ధబీజాలకు రెండు భిన్నమైన కశాభాలు ఉండడం, జన్యుక్రమాల పోలిక కలిసి ఇవి అసలు శిలీంధ్రాలే కావనీ, గోధుమ శైవలాలకు, డయాటములకు బంధువులనీ తేల్చాయి. పసుపులో దుంపకుళ్ళు కలిగించే పిథియం కూడా ఈ కోవలోనిదే. శిలీంధ్రాలపై పనిచేసే అన్ని మందులూ వీటిపై పనిచేయకపోవడానికి ఒక కారణం ఇదే. సుబ్రమణ్యం గురువు పేరున పెట్టిన పిథియం బట్లరి తరువాత పిథియం అఫానిడెర్మాటమ్‌కు పర్యాయనామమైంది.

క్యూలో

1918లో కలకత్తాలో ప్రచురితమైన శిలీంధ్రాలు, సస్యవ్యాధులపై బట్లర్ గ్రంథం చాలాకాలం భారతదేశంలో ఈ విషయానికి ప్రామాణిక పాఠ్యపుస్తకంగా ఉంది. 1920లో లండను సమీపంలోని క్యూలో ఇంపీరియల్ మైకాలజీ బ్యూరో ఏర్పడగా దానికి మొదటి డైరెక్టరుగా వెళ్ళాడు. ప్రపంచంలో ఎక్కడ ఏ తెగులుపై ఏమి వెలువడినా సంగ్రహించి అందించే పత్రికను 1922లో ప్రారంభించాడు. మారుమూల పరిశోధనా స్థానంలో గ్రంథాలయం లేని ఉద్యోగికి ఈ పత్రిక ఎంత ఉపకరించిందో ఊహించవచ్చు. పూసాలో అటువంటి లోటును బట్లర్ స్వయంగా ఎరిగినవాడే. 1931లో జి.ఆర్.బిస్బీతో కలసి భారతదేశపు శిలీంధ్రాల జాబితాను ప్రచురించాడు. ఆర్.ఎస్.వాసుదేవ దీనిని సవరించి 1960లో తిరిగి వెలువరించాడు.

1926లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1927లో బ్రిటిషు మైకలాజికల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. 1935లో క్యూ నుండి వైదొలగి వ్యవసాయ పరిశోధనా మండలి కార్యదర్శిగా 1941 వరకు పనిచేశాడు. 1939లో సర్ బిరుదు పొందాడు.

1943 ఏప్రిల్ 4న ఇంగ్లాండులో మరణించాడు. అసంపూర్ణంగా మిగిలిన సస్యవ్యాధి శాస్త్ర గ్రంథాన్ని ఎస్.జి.జోన్స్ పూర్తిచేయగా 1949లో ఇద్దరి పేర్లతో వెలువడింది. క్యూలోని సంస్థ అనేక పేర్లు మారి 1998లో క్యాబి సంస్థలో విలీనమైంది. అక్కడి శిలీంధ్ర నమూనాలు 2009లో క్యూ ఉద్యానవనానికి చేరాయి. 1911లో బట్లర్ భారతదేశంలో కనుగొని కొత్త ప్రజాతిగా వర్ణించిన అల్లోమైసిస్ అనే నీటి శిలీంధ్రం ఏ పంటకూ హాని చేయదు. తరువాతి కాలంలో శిలీంధ్రాల జన్యుశాస్త్ర పరిశోధనకు ప్రయోగశాలలలో విరివిగా వాడిన జీవులలో అది ఒకటి.